చిన్న దుకాణం, పెద్ద దస్త్రం

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో మామూలుగా కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, లైఫ్ సర్టిఫికేటు గూర్చి మాట్లాడుకుంటాం. ఈసారి నేను దిగుమతి సుంకం, దుకాణాల ఆస్తిపన్ను గూర్చి మాట్లాడతానంటే, "రిటైరైనవాళ్ళకు దిగుమతి సుంకంతో ఏం పనండీ?" అని ఒక మిత్రుడు నవ్వారు. పని ఉందని మనవి. ఈ సభలో ఉన్నవారిలో పాతబస్తీలో సొంత ఇల్లుండి ముందుగది దుకాణానికి అద్దెకిచ్చినవారు చాలామంది. సర్కారు కొలువు దొరకక చిన్న వ్యాపారం పెట్టుకున్న కొడుకులు, అల్లుళ్ళు, మనుమలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. నెలాఖరుకు పింఛను ఆ దుకాణానికి సర్దుబాటు చేస్తున్న తండ్రులు కూడా ఇక్కడున్నారు. కనుక ఇది మన ఇంటి సంగతే.

పన్ను ఎక్కువా తక్కువా అన్న వాదన పత్రికలలో రోజూ జరుగుతూనే ఉంటుంది. నేను చెప్పదలచింది వేరు. చిన్న దుకాణదారుణ్ణి అలసగొట్టేది పన్ను రేటుకన్నా, ఒకే సంగతిని పదిచోట్ల పదిసార్లు రుజువు చేసుకోవలసి రావడం. పెద్ద వ్యాపారికి ఆ పనికి గుమాస్తా ఉంటాడు, ఆడిటరు ఉంటాడు. చిన్నవాడు దుకాణం మూసి తానే వెళ్ళాలి. కాగితం బరువు ఇద్దరికీ ఒకటే. మోసే భుజాలు మాత్రం ఒకటి కావు.

మొదట దిగుమతి సంగతి. హైదరాబాదు ముత్యాలు జగత్ప్రసిద్ధం. కాని ముత్యం మూసీలో పుట్టలేదు. ఒకప్పుడు బస్రా వైపునుండి, ఆ తరువాత జపాన్ నుండి, ఇప్పుడు ఎక్కువగా చైనా నుండి వస్తున్నది. 1908 మూసీ వరదల తరువాత సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టీ కమానుల కింద ముత్యాలు అమ్ముతున్నవారంతా పరాయి సముద్రం మీద ఆధారపడినవారే. పక్కనే లాడ్ బజారులో లక్క మన అడవులదే అయినా, గాజుమీద పొదిగే రాళ్ళలో చాలా భాగం బయటి దేశపు సరకు. అంటే చార్మినారు చుట్టూ ఉన్న వ్యాపారానికీ సుంకానికీ చుట్టరికం పుట్టుకతోనే వచ్చింది.

ఆ చుట్టరికం చాలా పాతది. నిజాం రాజ్యానికి తన సొంత సుంకాల శాఖ ఉండేది. కరోడ్‌గిరి అనేవారు. పెద్దవాళ్ళ నోట 'కరోడ్‌గిరి నాకా' అన్న మాట మీరు వినే ఉంటారు. 1802లో నిజాం అలీఖాన్‌కూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన వాణిజ్య ఒప్పందంలో రెండు ముఖ్యమైన మాటలున్నాయి. ఒకటి, సరకు విలువ మీద 5 శాతం సుంకం. రెండవది, ఒక సరకుమీద ఒకసారికి మించి సుంకం వసూలు చేయరాదు. ఆచరణలో దారి పొడుగునా జాగీర్దార్ల వసూళ్ళు సాగాయన్నది వేరే విషయం. 1853 నుండి దివానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ ఆ దారి సుంకాలను తొలగించడానికి ఎంతో పాటుపడ్డారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, రాజ్యాంగంలోని 306వ అధికరణం కింద హైదరాబాదు వంటి రాష్ట్రాలకు ఇటువంటి సుంకాలు కొంతకాలం కొనసాగించుకునే వీలు ఇచ్చారు. 1956లో ఏడవ సవరణతో ఆ అధికరణమే పోయింది. 'ఒక్కసారి' అన్న ఆ పాత మాటను మాత్రం గుర్తుంచుకోండి. మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఇక మన కాలం. 1991 జూలై బడ్జెట్‌లో, మన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉండగా, గరిష్ఠ దిగుమతి సుంకాన్ని 150 శాతానికి పరిమితం చేశారు. 150 శాతానికి తగ్గించడమే ఆనాడు పెద్ద సంస్కరణ! 2007 నాటికి వ్యవసాయేతర సరకులలో ఎక్కువ భాగం మీద ఆ గరిష్ఠం 10 శాతానికి దిగింది. రేటు దిగినంతగా లెక్క సులువు కాలేదు. ఒక చిన్న లెక్క వేసి చూపుతాను.

100 రూపాయల సరకు వచ్చిందనుకుందాం. మూల సుంకం 10 శాతం, అంటే 10 రూపాయలు. 2018 నుండి ఆ సుంకం మీద 10 శాతం సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, అంటే 1 రూపాయి. మొత్తం 111 అయింది. ఈ 111 మీద, అంటే సుంకంతో కలిపిన ధర మీద, ఐజీఎస్టీ. అది 18 శాతం ఉన్న సరకైతే 19 రూపాయల 98 పైసలు. వెరసి పన్ను 30 రూపాయల 98 పైసలు. '10 శాతం సుంకం' అని విన్న మనిషి చేతిలో 31 రూపాయల బిల్లు పడుతుంది. ఐజీఎస్టీ తరువాత జమ వస్తుంది కదా అంటారు. నిజమే, మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడికి వస్తుంది. కాంపోజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారికి రాదు. రిజిస్ట్రేషనే లేనివాడికి అసలే రాదు.

లక్క గాజుల ముచ్చట మరీ విచిత్రం. 2017 నవంబరులో వాటిని జీఎస్టీ నుండి మినహాయించారు. సంతోషమే. అయితే అమ్మకం మీద పన్ను లేని సరకుకు, కొన్నప్పుడు కట్టిన పన్ను జమ రాదన్నది సూత్రం. అందుచేత రాళ్ళ మీద కట్టిన పన్ను కార్ఖానాదారు ఖర్చులోనే కలిసిపోతుంది. పైకి మినహాయింపు, లోపల బరువు. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొలిమి ముందు కూర్చున్న కారిగరుకు ఆ గౌరవంతోపాటు ఈ చిన్న లెక్క కూడా ఎవరైనా సరిచేసి పెడితే బాగుండును.

రాళ్ళు మనమే నేరుగా తెప్పించుకోకూడదా అని ఒక యువకుడు నన్నడిగాడు. తెప్పించుకోవచ్చు. ముందుగా ఎగుమతి దిగుమతి కోడ్ నంబరు తీసుకోవాలి. సరకు వచ్చాక బిల్ ఆఫ్ ఎంట్రీ వేయాలి. అందులో సరకు ఏ శీర్షిక కిందికి వస్తుందో తేల్చాలి. అసలు ముత్యమైతే 7101. గాజు పూస, నకిలీ ముత్యం, నకిలీ రాయి అయితే 7018. నకిలీ నగ అయితే 7117. సంచిలో అన్నీ కలిసి ఉంటే ఏజెంటు దయ. వర్గీకరణ తప్పితే తేడా పన్ను, వడ్డీ, ఒక్కొక్కసారి జరిమానా. పది పెట్టెలు తెప్పించినా, ఒక పెట్టె తెప్పించినా పత్రాలు అవే. అందుకే చిన్నవాడు నేరుగా తెప్పించుకోడు. టోకు వ్యాపారి చెప్పిన ధరకు తల ఊపుతాడు.

మరొక నియమం వింటే మీకు నవ్వు వస్తుంది. 2021 నుండి ఆ కోడ్ ఉన్నవారు ప్రతి సంవత్సరం ఏప్రిల్, జూన్ నెలల మధ్య తమ వివరాలు సరిచూసుకోవాలి. ఏ మార్పూ లేకపోతే, ఏ మార్పూ లేదని తెలియజేయాలి. లేకుంటే కోడ్ నిలిచిపోతుంది. మనం ఏటేటా బతికి ఉన్నామని రుజువు చేసుకుంటున్నాం కదా! వ్యాపారులకూ ఒక లైఫ్ సర్టిఫికేటు ఉందన్నమాట.

ఇప్పుడు ఆస్తిపన్ను. దీనికి మూలం హైదరాబాదు మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం, 1955. వార్షిక అద్దె విలువ మీద పన్ను. ఇళ్ళకు విలువనుబట్టి 17 శాతం నుండి 30 శాతం దాకా మెట్లు ఉన్నాయి. దుకాణానికి మెట్లు లేవు, మొదటినుండే 30 శాతం. దుకాణాల లెక్కకు ఒక సూత్రం వాడతారు: చదరపు అడుగులు, ఇంటూ నెల అద్దె రేటు, ఇంటూ మూడున్నర. ఈ మూడున్నర ఎక్కడిది అని చాలామంది అడుగుతారు. 12 నెలల అద్దె తీసుకోండి. మరమ్మతుల కింద 10 శాతం తీసివేయండి, 10.8 అవుతుంది. అందులో 30 శాతం 3.24. దాని మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు కలపండి. దాదాపు మూడున్నర! అంటే అధికారులు కట్టిన అద్దెలో ఏడాదికి మూడున్నర నెలల అద్దె పన్నుగా పోతుంది. 200 చదరపు అడుగుల దుకాణానికి అడుగుకు 10 రూపాయల రేటు వేస్తే 7,000 రూపాయలు. ఈ నాలుగు వాక్యాలు బిల్లు వెనుక తెలుగులోనూ ఉర్దూలోనూ అచ్చు వేస్తే సగం తగాదాలు పుట్టవని నా నమ్మకం.

గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ, ఏడాదికి 24 శాతం. 2020 నుండి కొన్ని పర్యాయాలు పాత బకాయిల వడ్డీలో 90 శాతం మాఫీ చేశారు. కష్టంలో ఉన్నవారికి అది మేలే. ఏటా గడువులోపల కట్టినవాడు మాత్రం, "నేనేం పాపం చేశాను?" అని అడుగుతాడు. అతనికి సమాధానం చెప్పడం కష్టం.

పాతబస్తీలో అసలు చిక్కు పన్ను మొత్తంలో లేదు. బిల్లు మీది పేరులో ఉంది. తాతగారు కొన్న ఇల్లు. పంపకాలు కాలేదు. వారసులలో ఒకరు జిద్దాలో, ఒకరు చికాగోలో, ఇద్దరు లోకం విడిచారు. కింద దుకాణం నడిపేది ఒక మనుమడు. బిల్లు నేటికీ స్వర్గస్థులైన తాతగారి పేర వస్తుంది. మనుమడు ట్రేడ్ లైసెన్సుకు వెళితే యజమాని పత్రం అడుగుతారు. జీఎస్టీ రిజిస్ట్రేషనుకు వెళితే స్థలం రుజువు, యజమాని సమ్మతి లేఖ అడుగుతారు. బ్యాంకువారు ఈ రెండూ చూపమంటారు. ఒక్క పేరు మారక నాలుగు ద్వారాలు మూసుకుంటాయి.

మా గల్లీలో గాజుల దుకాణం నడిపే ఒకావిడ సంగతి చెబుతాను. భర్త హఠాత్తుగా పోయాడు. ఇద్దరు ఆడపిల్లలు. దుకాణం తన పేరుకు మార్చుకోవడానికి కాగితాలు రాసిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. చివరికి పదకొండు దరఖాస్తులు రాశాను. వాటిలో ఏడింటికి జతపరచినది ఒకటే మరణ ధృవీకరణ పత్రం. ఒకచోట జిరాక్సు చాలన్నారు, మరొకచోట అసలు కావాలన్నారు, ఇంకొకచోట కొత్తగా తెచ్చిన నకలే కావాలన్నారు. "చాచా, ఆయన పోయాడని ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాలి?" అని ఆమె అడిగింది. ఆ నాలుగు నెలలలో దుకాణం సగం రోజులు మూతపడే ఉంది. పండుగ బేరం పోయింది. ఆ నష్టం ఏ పన్ను పట్టికలోనూ కనబడదు.

దీనిలో గుమాస్తాలను నిందించడం నా ఉద్దేశం కాదు. మనమంతా ఆ కుర్చీలలో కూర్చున్నవాళ్ళమే. ప్రతి కాలమ్ వెనుక ఎప్పుడో జరిగిన ఒక మోసం ఉంటుందని మనకు తెలుసు. సరకు విలువ తగ్గించి చూపినవాళ్ళున్నారు. దుకాణాన్ని నివాసమని రాయించుకున్నవాళ్ళున్నారు. అన్నదమ్ములకు తెలియకుండా పేరు మార్పించుకున్నవాళ్ళూ ఉన్నారు. తనిఖీ ఉండవలసిందే. రోడ్డు ఊడవడానికి, దీపం వెలగడానికి డబ్బు ఆ పన్నులోనుండే రావాలి. అయితే ఒక కార్యాలయం ముద్ర వేసి ఇచ్చిన పత్రాన్ని రెండవ కార్యాలయం నమ్మకపోవడంలో తనిఖీ ఎక్కడుంది? ఇప్పుడు అన్నీ కంప్యూటర్లలో ఉన్నాయి. ఒకసారి రుజువైనది అందరికీ రుజువు కావాలి. 1802లో సుంకానికి పెట్టుకున్న 'ఒక్కసారి' అన్న నియమాన్ని, నేడు రుజువుకు పెట్టుకోమనే నా విన్నపం.

సంఘం తరఫున ప్రభుత్వానికి పంపడానికి మూడు అంశాలు ప్రతిపాదిస్తున్నాను.

1. ఒక ప్రభుత్వ శాఖ వద్ద ఉన్న పత్రాన్ని మరొక శాఖ దుకాణదారుణ్ణి తిరిగి అడగరాదు.

2. ఇళ్ళకు ఉన్నట్లే, చాలా చిన్న దుకాణాలకు కూడా ఆస్తిపన్నులో తక్కువ మెట్టు ఉండాలి.

3. లక్క గాజులు వంటి మినహాయింపు సరకులు తయారుచేసేవారికి, ముడిసరకు మీద కట్టిన పన్ను తిరిగి వచ్చే సులువైన మార్గం చూపాలి.

ఇక మనం చేయగలిగినది. మహజరు పంపి ఇంటికి వెళ్ళి కూర్చుంటే చాలదు. సభ్యులకు నా సలహా: మీ ఇంటి బిల్లు ఈ వారమే తీసి చూడండి. పేరు ఎవరిది, చదరపు అడుగులు సరిగా ఉన్నాయా, నివాసమా దుకాణమా, ఈ మూడూ సరిచూడండి. ముందుగది అద్దెకిస్తే ఆ భాగం దుకాణం కింద లెక్కకు వస్తుందని మరవకండి. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. అయినా రసీదులన్నీ ఏడాదివారీగా ఒక ఫైలులో పెట్టి, ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికైనా చెప్పండి. పేరు మార్పు మీరుండగానే చేయించండి. మన తరువాత పిల్లలు దస్త్రాల వెంట తిరగకుండా చేయడం కూడా వారికి మనమిచ్చే ఆస్తే.

రెండవది, మన కార్యాలయం గదిలో ఆదివారం ఉదయం రెండు గంటలు ఒక బల్ల వేద్దాం. రెవెన్యూలో, మున్సిపాలిటీలో, వాణిజ్య పన్నులలో, రిజిస్ట్రేషన్లలో పనిచేసినవారు మనలో ఉన్నారు. దరఖాస్తు ఎవరికి రాయాలో, ఏ జత పత్రం పెట్టాలో మనకు తెలిసినంతగా బయట ఎవరికి తెలుసు? రుసుము వద్దు, సిఫారసు వద్దు. రాసిపెడితే చాలు. నలభై ఏళ్ళు సర్కారు వైపు కూర్చొని దరఖాస్తులు అందుకున్నాం. మిగిలిన కాలం బల్లకు ఇవతల కూర్చొని రాసిపెడదాం. మొదటి ఆదివారం నేను వస్తాను. ఇంకా ముగ్గురు ముందుకు రావాలని కోరుతున్నాను. పేర్లు కార్యదర్శిగారికి ఇవ్వండి.