వేలంలో ఇల్లు కొనేముందు: పాత శిస్తు ఎవరి నెత్తిన పడుతుంది?

(పాండేసరలో తెలుగు కార్మిక కుటుంబాలు, విద్యార్థులు కలిసి జరుపుకున్న అంబేడ్కర్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



జయంతి సభలో వేలం పాటల గురించి, ఇంటి పన్ను గురించి మాట్లాడటమేమిటని కొందరు అనుకోవచ్చు. మన వాడల్లో జీవితకాలం కూడబెట్టిన డబ్బు ఒక్క కాగితం చూడకపోవడం వల్ల ఎలా పోతుందో మా ఇంట్లోనే చూశాను. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మా నాన్న కరీంనగర్ జిల్లా నుంచి సూరత్ వచ్చారు. మాది మాదిగ కుటుంబం. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎక్కువమంది మగ్గాల మీద బతికే పద్మశాలీలు. మా నాన్నకు మగ్గం పని రాదు కాబట్టి రంగుల మిల్లులో చేరారు. 26 ఏళ్ళు ఆ ఆవిరిలో పనిచేశాక ఒక బ్యాంకు వేలానికి పెట్టిన రెండు గదుల ఇల్లు మా కంటపడింది. బయటి ధర కంటే రెండు లక్షలు తక్కువ. "బ్యాంకే అమ్ముతున్నదంటే ఇంక మోసమేముంటది బిడ్డా" అన్నారు నాన్న. నేనప్పుడు బి.కామ్. రెండో సంవత్సరం. ప్రకటనను ఇంగ్లీషులో చదివి ఆయనకు చెప్పింది నేనే. "ఎక్కడ ఉన్నది అక్కడే, ఎలా ఉన్నది అలాగే, ఏమున్నా దానితో సహా" అన్న వాక్యం కూడా చదివాను. అది గోడల గురించి, పైకప్పు గురించి చెబుతోందనుకున్నాను.

పాట మాకే దక్కింది. సేల్ సర్టిఫికెట్ చేతికొచ్చాక ఇంటి పన్ను, అదే ఇక్కడ మనం 'వేరా' అంటాం, పేరు మార్పించడానికి వెళ్ళాం. ఏడేళ్ళ పాత బాకీ 61,400 రూపాయలు. తలాటి దగ్గరికి వెళితే ఆ స్థలానికి బిన్‌ఖేతీ శిస్తు, అంటే వ్యవసాయేతర భూమి పన్ను, మా వాటాకు 17,200. సొసైటీ మెయింటెనెన్సు 14,000. మొత్తం 92,600. ఆ ఏడాది మా అక్క బి.ఎడ్. సీటు వదులుకుంది. ఫీజు కోసం దాచిన డబ్బు ఎవరో ఎగ్గొట్టిన పన్నుకు పోయింది. ప్రకటన చదివి చెప్పింది నేను కాబట్టి ఆ తప్పు ఇప్పటికీ నా మీదే ఉన్నట్టుంటుంది. నేను న్యాయశాస్త్రం వైపు వచ్చింది కూడా అందుకే.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మామూలు కొనుగోలులో, వేరే ఒప్పందం లేకపోతే, అమ్మకం తేదీ వరకు ఉన్న ప్రభుత్వ బకాయిలు అమ్మేవాడే కట్టాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ చెబుతుంది. వేలంలో ఆ రక్షణను ప్రకటనలోని షరతులే తీసేస్తాయి. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అమ్మేటప్పుడు బ్యాంకు తనకు 'తెలిసిన' భారాలను ప్రకటనలో చెప్పాలి. కిటుకంతా ఆ 'తెలిసిన' అన్న మాటలోనే ఉంది. తెలుసుకునే బాధ్యతను కొనేవాడి మీదికి నెడుతూ ప్రకటనలో మరో షరతు ఉంటుంది.

సూరత్ కార్పొరేషన్‌కు వర్తించే 1949 నాటి మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం 141వ సెక్షన్ ప్రకారం ఆస్తి పన్ను ఆ ఇంటి మీదే మొదటి భారం. దానికంటే ముందు వరుసలో ఒక్కటే ఉంది, ప్రభుత్వానికి రావలసిన భూమి శిస్తు. గుజరాత్ భూమి శిస్తు కోడ్ 136వ సెక్షన్ ప్రకారం అసలు బాధ్యుడు కట్టకపోతే, పాత బకాయితో సహా, ఆ భూమి ఎవరి స్వాధీనంలో ఉంటే వాళ్ళ దగ్గర వసూలు చేయవచ్చు. ఇల్లు మారినా బాకీ ఇంటినే అంటుకుని ఉంటుందని దీని అర్థం. 2020 జనవరి నుంచి అమలులోకి వచ్చిన సర్ఫేసీ 26ఇ సెక్షన్ మరో మెలిక పెట్టింది. కేంద్ర రిజిస్ట్రీలో తన హక్కు నమోదు చేసుకున్న బ్యాంకు, పన్నుల కంటే ముందు తన అప్పు తీసుకుంటుంది. వేలం డబ్బు బ్యాంకుకు పోతే పన్ను వసూలు చేసేవాళ్ళ చూపు ఇంటి మీద, అంటే మన మీద పడుతుంది.

కోర్టుకు వెళ్ళలేమా? వెళ్ళవచ్చు. 1971లో అహ్మదాబాద్ మునిసిపల్ కార్పొరేషన్, హాజీ అబ్దుల్ గఫూర్ కేసులో సుప్రీంకోర్టు వేలంలో కొన్న మనిషి పక్షాన తీర్పు ఇచ్చింది. బకాయి సంగతి తెలియకుండా డబ్బిచ్చి కొన్నవాడి మీద ఆ భారం మోపాలంటే చట్టంలో స్పష్టంగా రాసి ఉండాలని చెప్పింది. అది ఇదే 141వ సెక్షన్ మీద వచ్చిన తీర్పు. కానీ దాని మీదే భరోసా పెట్టుకోకండి. ఆనాడు బకాయి తెలుసుకోవడం కష్టం. ఈనాడు టెనమెంట్ నంబరు కొడితే ఫోన్‌లో కనిపిస్తుంది. 'తెలియదు' అంటే ఎవరు నమ్ముతారు? 2020లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ, శ్రీగ్ధ బెవరేజెస్ కేసులో, అలాంటి షరతులతో వేలంలో కొన్నవాళ్ళు పాత కరెంటు బకాయి కట్టాల్సిందేనని అదే సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ధరావత్తు కట్టకముందే ఈ పనులు చేయండి. ఒకటి, టెనమెంట్ నంబరుతో వేరా బిల్లు తీసి పాత బాకీ గడి చూడండి, జోన్ ఆఫీసులో మరోసారి అడగండి. రెండు, ఆ స్థలం 7/12 ఉతారా, సిటీ సర్వే ప్రాంతమైతే ప్రాపర్టీ కార్డు, ఎనీఆర్ఓఆర్ పోర్టల్‌లో తీయండి. ఇతర హక్కుల గడిలో 'బోజో' అన్న మాట ఉంటే అది భారం. తలాటి దగ్గర శిస్తు రసీదులు చూడండి. మూడు, జీఐడీసీ ప్లాటు లేదా షెడ్డు అయితే అది లీజు భూమి. బదిలీ రుసుము, పాత బాకీలు ఎంతో జీఐడీసీనే అడగండి. నాలుగు, కరెంటు, నీరు, సొసైటీ బాకీలు. అయిదు, బ్యాంకు అధికారికి రాతపూర్వకంగా ఉత్తరం పెట్టండి. నిబంధన 9 ప్రకారం, అధికారి ఒప్పుకుంటే, భారం తీర్చే సొమ్ము ఆయన దగ్గరే జమచేసి ఇల్లు శుభ్రంగా తీసుకునే వీలుంది. అదీ మన డబ్బే కాబట్టి బాకీ ఎంతో లెక్కేసి, పాటలో అంత తగ్గించి పాడండి.

పాట గెలిచాక తెలుసుకుందామంటే కుదరదు. 25 శాతం వెంటనే, మర్నాటి పనిదినం దాటకుండా కట్టాలి. మిగతా 75 శాతానికి పదిహేను రోజులు, రాతపూర్వకంగా ఒప్పుకుంటే గరిష్ఠంగా మూడు నెలలు. వెనక్కి తగ్గితే కట్టిన 25 శాతం పూర్తిగా పోతుంది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది కూడా.

ఆ 7/12 ఉతారాలో మరొకటి కూడా చూడండి. ఆ భూమి అసలు ఎవరిది? 73ఎఎ సెక్షన్ కింద ఆదివాసీ భూమిని కలెక్టర్ అనుమతి లేకుండా బదిలీ చేయకూడదు. మన ఊళ్ళలో అసైన్డ్ భూములకు 1977 చట్టం ఉన్నట్టే ఇది. మనలాంటి వాళ్ళ దగ్గర గుంజుకున్న భూమిని మనం చౌకగా కొనుక్కోవడం జయంతి జరుపుకునే వాళ్ళు చేయకూడని పని.

బాబాసాహెబ్ 1927 ఫిబ్రవరిలో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ భూమి శిస్తునే ప్రశ్నించారు. ఆదాయం పన్నుకు ఒక హద్దు ఉంది, అంతకు తక్కువ సంపాదించేవాడు కట్టనక్కర్లేదు. శిస్తుకు మాత్రం పేద రైతు, పెద్ద భూస్వామి అన్న తేడా లేదని ఎత్తిచూపారు. కట్టగల శక్తి చూడకుండా వేసే పన్ను అన్యాయమని ఆయన వాదన. మా ఇంట్లో జరిగింది ఆ వాదనకు ఇవాల్టి ఉదాహరణ. ఎగ్గొట్టినవాడి శక్తి ఎవరూ చూడలేదు, కట్టినవాడి శక్తి కూడా చూడలేదు.

వేలం ప్రకటన రెండు పత్రికల్లో రావాలి, ఒకటి స్థానిక భాషలో ఉండాలి అంటుంది నిబంధన. ఇక్కడ స్థానిక భాష గుజరాతీ. పాండేసరలో ఇల్లు కొనాలని కలగనేవాళ్ళు చదివేది తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ. సమాచారం బహిరంగమే, మనకు మాత్రం మూసిన తలుపు.

ఇక్కడున్న విద్యార్థులను అడిగేది ఒక్కటే. ఆదివారం ఒక గంట ఈ హాల్లో కూర్చోండి. వేలం ప్రకటన పట్టుకుని ఎవరొచ్చినా వేరా బిల్లు, ఉతారా తీసి వాళ్ళ భాషలో చదివి చెప్పండి. బకాయిలు ప్రకటనలోనే అంకెలతో వేయాలని బ్యాంకులను అడుగుతూ మనమందరం సంతకాలు చేద్దాం. ఆ రోజు నాకు అలా చెప్పేవాళ్ళు ఒక్కరుంటే మా అక్క ఈపాటికి ఏదో బడిలో టీచరై ఉండేది.

వచ్చే ఆదివారం నేను ఇక్కడే ఉంటాను. జై భీమ్.