పదో రౌండు దాటాక

ఐపీఎల్ దగ్గరపడగానే పదిమంది స్నేహితులు ఒకచోట చేరి, వంతులవారీగా ఆటగాళ్లను ఎంచుకుని (దీన్నే డ్రాఫ్ట్ అంటారు) ఫాంటసీ జట్లు కట్టుకునే సరదా ఉంది కదా, ఈరోజు మాట దాని గురించే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఫాంటసీని 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది కాబట్టి పందెం లేని ఆటకే ఈ సలహా. మొదటి నాలుగైదు రౌండ్లలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కోహ్లి, బుమ్రా ఎవరి వంతుకు దొరికితే వాళ్లు కళ్లకద్దుకుని తీసుకుంటారు. చిక్కు పదో రౌండు దాటాక మొదలవుతుంది. అప్పటికి జాబితాలో మిగిలినవాళ్లు రెండు రకాలు: ఒకప్పుడు వెలిగి ఇప్పుడు బెంచీ మీదున్న పెద్ద పేర్లు, ఎవరికీ అంతగా తెలియని కుర్రాళ్లు. చాలామంది చెయ్యి పెద్ద పేరు మీదికే పోతుంది. ఆ దశలో పేరునూ, పోయినేటి పరుగులనూ పక్కనపెట్టి, ఈసారి ఎవరికి ఎన్ని బంతులు ఆడే అవకాశం వస్తుందో లెక్కకట్టాలని నా వాదన.

మన సూరత్ సాక్ష్యమే ముందు చూద్దాం. హార్దిక్ పాండ్యా 1993లో సూరత్ జిల్లా చోర్యాసీలో పుట్టాడు. కొడుకుల క్రికెట్ కోసం తండ్రి ఇక్కడి వ్యాపారం వదిలేసి వడోదరకు మకాం మార్చాడు. 2015 వేలంలో ముంబై అతన్ని 10 లక్షల కనీస ధరకే తీసుకుంది. ఆ ఏడాది చెన్నై మీద 8 బంతుల్లో 21, కోల్‌కతా మీద 31 బంతుల్లో 61, రెండుసార్లూ నాటౌట్. ఈ రెండూ అందరికీ గుర్తున్నాయి. ఆ సీజన్ మొత్తంలో అతను చేసినవి 112 పరుగులే. ఆ రెండు రోజుల 82 తీసేస్తే మిగిలేది 30. అవి చూసి మురిసి మరుసటి ఏడు ముందు రౌండ్లలోనే తీసుకున్నవారికి 2016లో 11 మ్యాచ్‌ల్లో దక్కినవి 44 పరుగులు. 2019కి జట్టులో అతని పాత్ర స్థిరపడింది: 402 పరుగులు, 14 వికెట్లు. కింది వరసలో ఎనిమిది బంతులు దొరికే ఆటగాడు ఎంత గట్టిగా కొట్టినా, అతని మొత్తం ఏ ఒకటి రెండు మెరుపుల మీదో వేలాడుతూనే ఉంటుంది.

బంతులు ఎక్కడి నుంచి వస్తాయి? ఎవరో ఖాళీ చేసిన చోటు నుంచి. 2022లో ముంబై బ్యాటర్ సూర్యకుమార్ వేలి గాయంతో మొదటి రెండు మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ముంబై 1.7 కోట్లకు తీసుకున్న మన హైదరాబాదీ తిలక్ వర్మ రెండో మ్యాచ్‌లోనే 33 బంతుల్లో 61 కొట్టి, సూర్య తిరిగొచ్చాక కూడా చోటు వదలకుండా, సీజన్‌ను 397 పరుగులతో ముగించాడు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అక్కడి ఫుట్‌బాల్‌లో సరిగ్గా ఇదే చూశారు. అక్కడ వైడ్ రిసీవర్ అంటే పరుగెత్తి, విసిరిన బంతిని అందుకునేవాడు; అతనివైపు ఎన్నిసార్లు బంతి విసురుతారన్నదే అతని విలువ. 2023లో లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ జట్టు కొత్త ఆటగాళ్ల ఎంపికలో ఐదో రౌండులో, మొత్తం మీద 177వ ఆటగాడిగా పూకా నకువాను తీసుకుంది. ప్రధాన రిసీవర్ కూపర్ కప్ గాయంతో మొదటి నాలుగు ఆటలకు లేడు. కప్ లేక బంతులు ఎక్కువగా ఈ కుర్రాడివైపే వచ్చాయి; సీజన్ మొత్తం మీద 105 క్యాచ్‌లు, 1,486 గజాలు, తొలి ఏడాది ఆటగాళ్లలో అప్పటికి రికార్డు. ఫాంటసీ ఆడేవారిలో చాలామంది డ్రాఫ్ట్ రోజున అతని పేరే ఎత్తలేదు.

దీనికో గట్టి అభ్యంతరం ఉంది. గెలిచినవాళ్లను ఏరి చూపిస్తున్నారు, కనీస ధరకు కొన్నవాళ్లలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఇంటికెళ్లినవాళ్లు ఎందరో కదా అంటారు. నిజమే. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023లో రెండే మ్యాచ్‌లు ఆడాడు. ఆ ఏడాది అతన్ని ఎంచుకున్నవారికి సున్నాకు దగ్గరే. 2024లో పంజాబ్ మీద ఆరంభంలోనే వికెట్లు కూలిన రోజున అవకాశం దొరికి 37 బంతుల్లో 64 చేశాడు, ఆ సీజన్‌కు 303 పరుగులు. కానీ ఈ అభ్యంతరం నా వాదనను కొట్టెయ్యదు, దానికి హద్దు గీస్తుంది. పదమూడో రౌండులో కుర్రాడు విఫలమైతే పోయేది ఏమీ లేదు, ఆ చోట దొరికే పెద్ద పేరు కూడా మీ తుది జట్టులో ఆడడు. మూడో రౌండులో ఇదే పని చేస్తే మాత్రం మునిగినట్టే. ధర పెరిగాక లాభం ఎలా కరుగుతుందో కూడా నితీశే చూపించాడు: జట్టు 6 కోట్లకు అట్టిపెట్టుకున్న 2025లో 182 పరుగులు.

ప్రతిభ ఉంటే చోటు అదే వస్తుందనేది ఇంకో వాదం. దీన్ని నేను ఒప్పుకోను. గుజరాత్ ఆటగాడు ఉర్విల్ పటేల్‌ను 2024 నవంబరు వేలంలో ఎవరూ కొనలేదు. రెండు రోజులకే దేశవాళీ టీ20లో త్రిపుర మీద 28 బంతుల్లో శతకం కొట్టాడు. అయినా చెన్నైలో ఖాళీ ఏర్పడి పిలుపు వచ్చేసరికి 2025 మే అయింది. మొదటి మ్యాచ్‌లోనే 11 బంతుల్లో 31. ఆ ఆర్నెల్లలో అతని బ్యాటింగులో తేడా ఏమీ రాలేదు, జట్టులో ఖాళీ వచ్చింది. మహిధర్‌పురా వజ్రాల బజారులో భూతద్దం పెట్టుకు కూర్చునేవారికి రాయి పరీక్ష తెలుసు, కానీ ఫాంటసీలో రాయి కన్నా ఉంగరంలో గుంట ఉందా లేదా అన్నదే ముందు చూడాలి.

కాబట్టి డ్రాఫ్టుకు ముందు రోజు రాత్రి చేయాల్సిన పని విసుగ్గానే ఉంటుంది. ఒక్కో జట్టు పన్నెండు మందిని, మ్యాచ్ మధ్యలో దిగే ఇంపాక్ట్ ప్లేయర్‌తో సహా, కాగితం మీద రాయండి. విదేశీయులు నలుగురే కాబట్టి మూడు నుంచి ఐదు స్థానాల్లో భారతీయుడు తప్పనిసరి అయ్యే జట్లు కొన్ని కనబడతాయి. ఆ చోటుకు పోటీ పడే ఇద్దరిలో సయ్యద్ ముస్తాక్ అలీ దేశవాళీ టీ20 టోర్నీలో నాలుగో స్థానంలో ఆడినవాణ్ణి తీసుకోండి, ఏడులో ఆడినవాణ్ణి వదిలేయండి. 2024లో 20 లక్షల శశాంక్ సింగ్ మొత్తం 14 మ్యాచ్‌లూ ఆడి 354 పరుగులు చేసింది పంజాబ్ మధ్య వరసలో అలాంటి ఖాళీ ఉండబట్టే. బౌలర్ల సంగతి ఇంకా తేలిక, నాలుగు ఓవర్లూ పూర్తిగా ఇస్తారా లేదా అన్నది చాలు. మూడు మ్యాచ్‌లయ్యాక మీవాడు ఇంకా డగౌట్‌లో నీళ్ల సీసాలే మోస్తుంటే, లేదా పరుగులు చేస్తున్నా ఏడో స్థానం దాటి పైకి రాకపోతే, మొహమాటపడకుండా వదిలేసి ఆ వారం ఎవరు గాయపడ్డారో చూడండి.