దేవనహళ్ళి విమానాశ్రయం: మొదటిసారి వెళ్ళేవారికి నాలుగు మాటలు



కోలారు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, హొసూరు ప్రాంతాల మన తెలుగు ఇళ్ళనుంచి ఇప్పుడు చాలామంది విదేశాలకు వెళుతున్నారు. గల్ఫ్‌కు పనికోసం పోయే కుర్రవాళ్ళున్నారు, అమెరికాలో కూతురి కాన్పుకు పోయే తల్లులున్నారు. వీళ్ళు ముందుగా చేరవలసింది దేవనహళ్ళి దగ్గరున్న బెంగుళూరు విమానాశ్రయం. సాధారణంగా టికెట్ లేనివారిని లోపలికి రానివ్వరు. సాగనంపడానికి వచ్చినవాళ్ళు కొడుకైనా అల్లుడైనా గుమ్మం దగ్గరే ఆగిపోవాలి. అక్కడినుంచి ప్రయాణం చేసేవారు ఒంటరి. లోపల ఏది ముందో, ఏది తర్వాతో తెలిస్తే సగం భయం అక్కడే పోతుంది. ఈ పూట ఆ సంగతులు చెప్పుకుందాం.

ఈ విమానాశ్రయం 2008 మే నెలలో మొదలైంది. అంతకుముందు విమానాలు బెంగుళూరు ఊళ్ళోనే హెచ్.ఎ.ఎల్. విమానాశ్రయంలో దిగేవి. 2013లో దీనికి కెంపేగౌడ పేరు పెట్టారు. 1537లో బెంగుళూరు కోట కట్టించినవాడుగా ఆయన ప్రసిద్ధుడు. ఆ వంశంవారి పేరున గంగాగౌరీవిలాసమనే తెలుగు యక్షగానం ఉందన్న సంగతి మనకు సంతోషం కలిగించేదే. విమానాశ్రయం ఆవరణలో 108 అడుగుల ఆయన కంచు విగ్రహం 2022 నుంచి నిలబడి ఉంది.

ఇక దారి సంగతి. హైదరాబాదు రహదారి మీదుగా బాగేపల్లి, చిక్కబళ్ళాపురం వైపునుంచి వచ్చేవారికి బెంగుళూరు కంటే ముందే విమానాశ్రయం వస్తుంది. మెజెస్టిక్ దాకా పోయి మళ్ళీ వెనక్కు రావడం వృథా. కోలారు వైపువారు విజయపుర, దేవనహళ్ళి మీదుగా రావచ్చు. హొసూరు వైపునుంచి వచ్చేవారికి ఎలక్ట్రానిక్ సిటీనుంచి కె.ఐ.ఎ. 8 నంబరు బస్సు ఉంది. మెజెస్టిక్‌లో రైలో బస్సో దిగినవారికి కె.ఐ.ఎ. 9 ఉంది. వీటిని వాయువజ్ర బస్సులంటారు, సామాను పెట్టుకోవడానికి చోటుంటుంది. మెజెస్టిక్‌నుంచి దూరం సుమారు 35 కిలోమీటర్లు. హెబ్బాళ దగ్గర వాహనాల రద్దీ ఎప్పుడు ఎలా ఉంటుందో చెప్పలేం కనుక రెండు గంటలు చేతిలో పెట్టుకోండి.

ఇక్కడ రెండు టెర్మినళ్ళున్నాయి. 2023 సెప్టెంబరునుంచి విదేశీ విమానాలు రెండో టెర్మినల్‌నుంచి నడుస్తున్నాయి. బస్సు దిగేముందే డ్రైవరునో కండక్టరునో అడిగి సరైన చోట దిగండి.

టికెట్ మీద తేదీని రెండుసార్లు చూసుకోండి. గల్ఫ్‌కు, ఐరోపాకు పోయే విమానాలు చాలామటుకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద 15వ తేదీ, రాత్రి 2 గంటలని ఉందనుకోండి. మీరు విమానాశ్రయంలో ఉండవలసింది 14వ తేదీ రాత్రి 11 గంటలకు. 15వ తేదీ రాత్రి భోంచేసి బయలుదేరితే ఆ విమానం పోయి దాదాపు ఒక రోజయి ఉంటుంది. విదేశీ ప్రయాణానికి మూడు గంటలు ముందు చేరడం మంచిది. సామాను తీసుకునే కౌంటరు సాధారణంగా విమానానికి గంట ముందే మూసేస్తారు.

లోపల మెట్లు ఐదు. మొదటిది గుమ్మం. అక్కడ భద్రతా సిబ్బంది టికెట్, పాస్‌పోర్టు చూస్తారు. రెండోది మీ విమాన కంపెనీ కౌంటరు. పెద్ద పెట్టె తూచి తీసుకుని బోర్డింగ్ పాస్ ఇస్తారు. పెట్టెకు కట్టిన చీటీ ముక్క మీకూ ఒకటి ఇస్తారు, అది పారేయకండి. మూడోది ఇమిగ్రేషన్. ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు అని అడుగుతారు. ఉన్నమాట క్లుప్తంగా చెబితే చాలు. నాలుగోది ఒంటి తనిఖీ, చేతి సంచి తనిఖీ. ఐదోది విమానం ఎక్కే గేటు. దాని నంబరు మారవచ్చు. మైకులో పిలుస్తారని కూర్చోకండి, తెర మీద చూడండి. చదవడం రాకపోతే అక్కడి సిబ్బందిని అడగండి. మనకు తెలుగుతోపాటు కన్నడమో తమిళమో వచ్చు. అడగడానికి మొహమాటపడే పని లేదు.

నడవలేని పెద్దవాళ్ళకు చక్రాల కుర్చీ కావాలని టికెట్ తీసేటప్పుడే విమాన కంపెనీకి చెప్పాలి. కుర్చీతోపాటు ఒక మనిషి గేటుదాకా వెంట వస్తాడు. ఒంటరిగా పోయే అమ్మమ్మలకు, తాతయ్యలకు ఇది పెద్ద అండ.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. పెట్టె మీదైతే అందులోని ప్రతి వస్తువుకూ జవాబుదారీ మీరే. "మా తమ్ముడికి ఈ పొట్లం ఇవ్వన్నా" అని పరిచయస్తులు ఇచ్చినా, విప్పి చూడనిదే తీసుకోకండి. ముక్కూముఖం తెలియనివారు ఇస్తే అసలే తీసుకోకండి. మన వంటింటి గసగసాలు సౌదీ, ఎమిరేట్స్, కతార్ వంటి దేశాల్లో నిషేధం. అక్కడ వాటిని మాదకద్రవ్యం కింద లెక్కకడతారు. మసాలా పొడిలో కలిపినా ప్రమాదమే. గసగసాల పొట్లంతో పట్టుబడి జైలుకు పోయినవారున్నారు. నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఉంటే డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. వాటిలో కొన్నిటికి ఆ దేశాల్లో ముందే అనుమతి కావాలి, కనుక విచారించి పెట్టుకోండి. అమెరికాకు పోయేవారు మాంసం పచ్చళ్ళు, పచ్చి కరివేపాకు, పండ్లు పెట్టుకోకూడదు.

ఆవకాయ జాడీ చేతి సంచిలో పెడితే తనిఖీలో తీసేస్తారు. గట్టిగా మూతకట్టి పెద్ద పెట్టెలో పెట్టాలి. ఎండుకొబ్బరికి నిప్పు త్వరగా అంటుకుంటుందని పెద్ద పెట్టెలో ఒప్పుకోరు. ఫోనుకు ఛార్జి పెట్టే పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి.

పనికోసం గల్ఫ్‌కు పోయే తమ్ముళ్ళకు ఇంకో మాట. పది పాసుకానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఎమిగ్రేషన్ అనుమతి కావాలనే షరతు ఉంటుంది. ఆ అనుమతి లేకుండా పనికి పోవడం కుదరదు. "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్పిస్తాం" అనే ఏజెంటు మాట నమ్మకండి. ఇక్కడ ఇమిగ్రేషన్‌లో ఆపినా నష్టం మీకే, అక్కడ జీతం ఎగ్గొట్టినా నష్టం మీకే. ప్రభుత్వం దగ్గర నమోదైన ఏజెంటు ద్వారానే పోండి. ఒప్పంద పత్రం, వీసా, పాస్‌పోర్టు నకళ్ళు ఇంట్లో ఒక జత ఉంచండి.

తిరిగి వచ్చినప్పుడు బయట "టాక్సీ, టాక్సీ" అని చెయ్యి పట్టుకునేవారి వెంట పోకండి. వాయువజ్ర బస్సులు, వరుసలో నిలిచే టాక్సీలు ఉన్నాయి. పగటిపూట తీరిక ఉంటే దేవనహళ్ళి కోట దగ్గరే ఉంది, అది టిప్పు సుల్తాను పుట్టిన ఊరు. నంది కొండ, దాని అడుగున భోగనందీశ్వరాలయం కూడా అటువైపే. ఊళ్ళోకి పోతే హైదరాలీ వేయించిన లాల్‌బాగ్, బసవనగుడిలో పెద్ద నంది చూడదగినవి. కాని విమానానికి ఆరేడు గంటలైనా లేకపోతే బెంగుళూరు ఊళ్ళోకి పోకండి. పోవడం తేలికే, వేళకు తిరిగి రావడమే కష్టం.

తేదీ చూసుకోవడం, వేళకు ముందే చేరడం, పెట్టె మన చేత్తో మనమే సర్దుకోవడం, ఈ మూడూ పాటిస్తే మిగతా దారి అడుగుతూ పోవచ్చు. ఇంట్లో ప్రయాణానికి సిద్ధమవుతున్నవారుంటే ఈ మాటలు వారి చెవిన వేయండి. అందరికీ శుభప్రయాణం. సెలవు.