జక్కవల దారిబత్తెము

(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయుని ప్రసంగము)



పరీక్షలు ముంగిట నుండగా పిల్లలను చిలికా సరస్సునకు పక్షులను చూడ గొనిపోవుటేల యని మీలో కొందరు మమ్ము అడిగియున్నారు. అడుగదగిన ప్రశ్నయే. కాని యూనిట్ పరీక్షను వారము వెనుకకు జరుపవచ్చును. మార్చి దాటిన పిదప వలసపక్షులు మనకొరకు నిలువవు.

మన పిల్లలు వాచకములో జక్కవలను గూర్చి చదువుదురు. రాత్రివేళ జంట విడిపోయి విలపించునని కవిసమయము. అట్టి పద్యమునకు ప్రతిపదార్థము తప్పులేకుండ వ్రాసిన యొక విద్యార్థిని, "జక్కవ యెట్లుండును?" అని అడిగితిమి. "కొంగవలె నుండునండీ" అనినాడు! నారింజవన్నె మేను, లేతవన్నె తల గల ఆ బాతు ప్రతి శీతకాలమును మన బరంపురమునకు రెండు మూడు గంటల ప్రయాణములోనే గడుపుచున్నది. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై గంజాము మద్రాసు నుండి విడివడిన పిదపగూడ మనము మాటను ఇంట నిలుపుకొంటిమి. ఆ మాటకు అర్థమైన పక్షిని మాత్రము మరచితిమి.

ఈ పక్షులు అక్టోబరు మొదలు లడఖ్, టిబెట్, మంగోలియా, సైబీరియా ప్రాంతముల నుండి దిగివచ్చును. వానలలో మునిగియుండు నలబన ద్వీపము నీరు తీసినకొలది బయటపడి వానికి మేత నిచ్చును. చిలికా 1981లో రామ్‌సార్ ఒడంబడిక జాబితా కెక్కినది. నలబన 1987లో పక్షి అభయారణ్యమైనది.

ఫిబ్రవరి, మార్చి నెలలలో తిరుగు ప్రయాణము. తలపై రెండు నల్లని అడ్డపట్టెలు గల బాతు హిమాలయములను దాటవలయును. అది 7,000 మీటర్లకు పైగా ఎగిరినట్లు పరికరములు నమోదు చేసినవి. అంతటి దారికి బత్తెము దాని యొడలిలోని క్రొవ్వే. కావున బయలుదేరుటకు ముందు వారములలో ఈ పక్షులు మిక్కిలిగా మేయును. అప్పుడు గుంపును ఒక్కమారు బెదరించి లేపిన మేతవేళ పోవును, కూడబెట్టిన క్రొవ్వును కరగును. బాటసారి మూటలోని అటుకులు దోచుకొనుటకును దీనికిని ఏమి భేదము?

క్రితము సంవత్సరము మా యెదుటి పడవలోని యొక పెద్దమనిషి, గుంపు లేచినగాని చిత్రము రక్తికట్టదని చప్పట్లు చరచినాడు. వందలకొలది సూదితోక బాతులు లేచినవి. చిత్రము చక్కగానే వచ్చియుండును. మన పిల్లల చేత అట్టి చిత్రములు తీయింపము.

ఛాయాచిత్రమే వలదని మా యభిప్రాయము కాదు. మంగోలియాలో మెడపట్టీ వేసిన బాతులను కర్ణాటక చెరువులలో గుర్తించిన సందర్భములు కలవు. పట్టీపై అంకె కనబడు చిత్రము, అందము లేకున్నను, పక్షి వచ్చిన దారిని తెలుపును. ఏ పక్షి, ఎన్ని, ఏనాడు, ఎచ్చట అని ప్రక్కనే పుస్తకములో వ్రాసికొనినచో మసక చిత్రమునకును విలువ కలదు.

మేము పోవునది మంగళాజోడి. ఒకప్పుడు ఆ యూర పక్షులను చంపి మాంసము విక్రయించుట జీవనోపాధిగా నుండెడిది. 2000 ప్రాంతమున గ్రామస్థులు రక్షణ సంఘముగా ఏర్పడిరి. నాటి వేటగాండ్రలో పలువురు నేడు గడకఱ్ఱతో పడవ నడపుచు పక్షులను చూపుచున్నారు. ఏ పక్షి యెప్పుడు బెదరునో వారికి తెలిసినంత మాకు తెలియదు. పిల్లలకు ఆ దినమున గురువులు వారే. మేయు పక్షి తల యెత్తి నిక్కి చూచెనా, పడవ అచ్చటనే ఆగవలయును. ఫోనులో పక్షికూతలు వినిపించి పిలుచుట మా బృందమున నిషేధము.

బస్సు ఆదివారము తెల్లవారుజామున 3 గంటలకు పాఠశాల వాకిట నుండి బయలుదేరును. కెమెరా లేనివారు విచారింపవలదు, రెండు దుర్భిణులు పాఠశాలవి కలవు. పిల్లల చేత నోటుపుస్తకము, పెన్సిలు, ఉదయపు ఫలహారము పంపుడు. తెల్లని యూనిఫారము మాత్రము వలదు. పచ్చనివో మట్టిరంగువో పాత బట్టలు తొడిగి పంపుడు.