నగర పునర్నిర్మాణము – ఉద్యానవనములు
(ఒక పట్టణ పఠనమందిరమున చేయబడిన యుపన్యాసము)



మన పట్టణములను గూల్చి తిరిగి కట్టుటకు ప్రభుత్వములును పురపాలకసంఘములును పూనుకొనియున్న దినములివి. వంతెనలు, వ్యాపారభవనములు, నదీతీర విహారమార్గములు పటములపై సొంపుగా వెలయుచున్నవి. ఇట్టి సమయమున పౌరులు మొట్టమొదట నడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ క్రొత్త పట్టణమున పేదవాని బిడ్డ పరుగిడుటకును, వృద్ధుడు సాయంకాలమున గాలి పీల్చుటకును చోటెక్కడ? అధికారి దృష్టికి ఆరుబయలు ఖాళీజాగా. వర్తకుని దృష్టికి అమ్ముడుపోని సరకు. పౌరుని దృష్టికి మాత్ర మది తన యుమ్మడియాస్తి. ఈ మూడవ దృష్టి మనలో బలపడనిదే యే పథకమును మనకు మేలు చేయజాలదు.

హైదరాబాదు నగరచరిత్ర యిందుకు చక్కని పాఠము. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది యా నగరముపై విరుచుకొనిపడెను. వేలకొలది ప్రజలు మృతినొందిరి. ఆనాడు అఫ్జల్‌గంజిలో నొక చింతచెట్టు నెక్కి సుమారు నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు నేటికిని చెప్పుకొందురు. చెట్టు పట్టణమున కలంకారమా, ఆధారమా యని శంకించువారి కిదియే ప్రత్యుత్తరము.

మఱుసటియేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు ఆహూతులై వచ్చిరి. ఎగువను జలాశయములు కట్టి వఱదను నిలుపుడనిరి. అంతటితో నూరకుండక, మురుగునీటి పారుదలను చక్కబఱచుడనియు, నదియొడ్డులను ఉద్యానములుగా దీర్చుడనియు సూచించిరి. 1912లో నగరాభివృద్ధిసంఘ మేర్పడి, ఇరుకువాడలను తొలగించుటతోపాటు పేదలకు గృహములను గట్టించెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో హిమాయత్‌సాగరము పూర్తియయ్యెను. ఇందలి మర్మమును గమనింపుడు. నీరు, మురుగు, నివాసము, వనము – ఈ నాలుగును నొకే యాలోచనయం దిమిడియుండెను.

తరువాతివార మా యాలోచనను విడిచితిమి. ఇమ్లీబన్ అనగా చింతతోపు. ఆ పేరుగల చోట, మూసీ పాయల నడుమ, 1994లో నగరపు పెద్ద బస్సుస్టేషను వెలసెను. 2025 సెప్టెంబరులో నది పొంగి స్టేషనులో బ్రవేశింపగా ప్రయాణికులు చిక్కువడిరి. తోపును మనము మఱచితిమి. నది తన దారిని మఱువలేదు.

అయితే వనము పేరిట జరుగు నన్యాయమును గూడ మనము గుర్తింపవలెను. 1914లో మద్రాసునకు వచ్చి మన పట్టణములను బరిశీలించిన స్కాట్లండు పండితుడు పాట్రిక్ గెడ్డీసు, వాడలను సమూలముగా గూల్చి తిన్నని వీధులు దీయు పద్ధతిని గట్టిగా నిరసించెను. వైద్యుడు చెడిన భాగమును మాత్రమే కోసివేయునట్లు, పాడుపడిన యిండ్లను మాత్రమే తీసి, ఆ జాగాలలో చెట్లు నాటి, వాడవారికే యారుబయలు గల్పింపవలెనని యాతని మతము. 2024లో మూసీతీరమున నిండ్లకు గుర్తులు పెట్టినప్పుడు అచటి కుటుంబములు పడిన యాందోళన మీ మాటను మరల జ్ఞప్తికి దెచ్చినది. నదిగర్భమును నదికి విడువవలసినదే. కాని లేచిపోవువానికి పనిపాటలకు దగ్గరగా గూడు చూపక నాటిన చెట్టు వానికి నీడ కాజాలదు.

చట్టము మనకు తోడుగనే యున్నది. బెంగుళూరులో నొక పేటయందు ఉద్యానమునకై కేటాయించిన స్థలమును ఆసుపత్రి కట్టుటకై యొక ప్రైవేటు ట్రస్టున కొసంగిరి. పేటవాసులు వ్యాజ్యమాడిరి. ఆసుపత్రియు మంచిపనియే కదా యను వాదము చెల్లలేదు. అట్లు మార్చుట తగదని 1991లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ తీర్పును దెచ్చినవారు మనవంటి సామాన్య గృహస్థులే.

కేంద్రప్రభుత్వ నగరాభివృద్ధిశాఖ 2014లో వెలువరించిన నిర్దేశములలో తల యొక్కింటికి 10 మొదలు 12 చదరపు మీటర్ల యారుబయలు వలయునని యున్నది. కాగితముమీది యీ మాటను నేలమీదికి దెచ్చుట మన పని. లేఅవుటు వేయునపుడు ఉద్యానమునకై విడిచిన భాగము దానపత్రమూలమున పురపాలకసంఘమునకు సంక్రమించును. ఆ భాగ మెచట నున్నది? దానికి కంచె గలదా? దానిపై నెవ్వరైన గోడ లేపిరా? ఈ సంగతులు మనలో నెందఱ మెఱుగుదుము?

కావున నా మనవి యిది. మీ పేటయొక్క లేఅవుటు పటపు నకలును పురపాలకసంఘమునుండి సంపాదింపుడు. దాని నీ పఠనమందిరపు గోడకు వ్రేలాడదీయుడు. ఒక యాదివారము పదుగురు కూడి, పటమును చేతబట్టి, ఆ జాగాలను కన్నులార చూచి రండు. తగ్గినచోట లిఖితపూర్వకముగా నడుగుడు. బదులు రాకున్న మరల నడుగుడు. పెద్దలు మనకు చెఱువులను, తోపులను విడిచిపోయిరి. మన బిడ్డలకు మనము విడువబోవు జాగా యెంతయో కొలిచి చూచుకొనుటకు నిదియే సమయము.