లక్ష్మివారము
(మందిర్ హసౌద్ తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠము)



మనలో శ్రీకాకుళము, విశాఖ ప్రాంతములవారు గురువారమును లక్ష్మివారమందురు. తెలంగాణ, రాయలసీమలవారి యిండ్లలో అది బేస్తవారము. మన పిల్లలు బడిలో నేర్చిన గురువారము తప్ప తక్కిన రెండును మోటుమాటలని తలచుచున్నారు. ఆ తలంపు సరికాదని మనవిచేయుటకే యీ నాలుగు మాటలు.

మొదట వారముల వరుస. ప్రాచీన జ్యోతిషులు మందగతి మొదలుకొని శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు అని గ్రహములను వరుసపెట్టిరి. దినమునకు 24 హోరలు. హోరకొక గ్రహ మధిపతి. ఉదయపు తొలిహోర యెవ్వనిదో దినమునకు వానిపేరే. బుధవారము బుధునితో నారంభించి లెక్కించినచో 25వ హోర, అనగా మరునాటి తొలిహోర, గురునిదగును. హోర యను శబ్దము గ్రీకు భాషనుండి వచ్చినదని పండితులందురు. రోమనులకును ఇది గురుగ్రహమగు జూపిటరు దినమే. ఆంగ్లేయుల పూర్వులు తమ యురుములదేవత యగు థోరుపేర దీనిని పిలిచిరి.

మధ్యప్రదేశములోని ఏరణ్‌లో క్రీ.శ. 484 నాటి బుధగుప్తుని స్తంభశాసనము కలదు. వారము పేర్కొనిన భారతీయ శాసనములలో మిక్కిలి ప్రాచీనమైన వానిలో నది యొకటి. అందు చెప్పబడినది సురగురుని దినము, అనగా గురువారమే.

బృహస్పతి యనగా ప్రార్థనకు, వాక్కునకు అధిపతి. ఆ పేరే జనుల నోట నలిగి బేస్త యైనది. ఇంతటి పదము మోటుమాట యెట్లగును? సుమారు 12 ఏండ్లకొకసారి సింహరాశిలో ప్రవేశించి గోదావరికి పుష్కరములు తెచ్చువాడును ఈ గురుడే.

ఇక లక్ష్మివారము. మార్గశిర గురువారములలో విశాఖపట్టణము బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికడ జనము బారులు తీరుదురు. ఒడిస్సాలో ఆ మాసముననే మాణబసా వ్రతము. ఈ ఛత్తీస్‌గఢ్ సీమలో అగహన్ గురువారములందు వాకిట బియ్యపుపిండితో లక్ష్మి పాదములు దిద్దెదరు. వారి మాసము పున్నమతో, మనది అమావాస్యతో ముగియును గనుక వారి పూజలు ఒక పక్షము ముందుగా మొదలగును. మన స్టేషనుమీదుగా పోవు రాయపూరు–విజయనగరము రైలుమార్గము ఈ మూడుసీమలను కలుపుచున్నది. వ్రతము వానిని అంతకు ముందే కలిపినది.

బలరామదాసు ఒడియా లక్ష్మీపురాణములో నొక కథ కలదు. గురువారమునాడు లక్ష్మి ఇండ్లుచూడ బయలుదేరి, లోకము అంటరానిదని దూరముంచిన శ్రియ యిల్లు శుభ్రముగా నుండుట చూచి అందడుగుపెట్టెను. అందుకై అన్న బలభద్రుని మాటపై జగన్నాథుడామెను వెడలగొట్టెను. పిమ్మట అన్నదమ్ములిరువురును పట్టెడన్నమునకై అలమటించి, తుదకామె యింటనే భుజించిరి. లక్ష్మివారమునకు ఇంతకంటె మంచి యర్థము నేనెరుగను.

క్యాలెండరులో గురువారమే యుండనిండు. ఇంటిలో మాత్రము అమ్మమ్మ యన్నమాటను పిల్లలను అననిండు. మూడుపేర్లును మనవే.