కొరోమా బట్టలు ఎవరివి?

(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సంప్రదాయ కళల పరిరక్షణలో స్త్రీల పాత్ర గురించి మాట్లాడమని నన్నడిగారు. పరిరక్షణ అన్న మాట వినగానే నాకు కాస్త భయం వేస్తుంది. సంప్రదాయాన్ని కాపాడాలని ఎవరైనా అన్నప్పుడు, ఆ బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో ఇక్కడున్న మనందరికీ తెలుసు. అందుకని ఈ విషయాన్ని మన ఊళ్ళ నుంచి కాకుండా చాలా దూరం నుంచి, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల నుంచి మొదలుపెడతాను. నేను ఆ కొండలు చూడలేదు. చేనేత కుటుంబాల్లో స్త్రీల శ్రమ మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో, పోల్చి చూడడానికి పనికొస్తుందని అక్కడి నేత గురించి చదవడం మొదలుపెట్టాను. తర్వాత పోలిక సంగతి పక్కకు పోయి ఆ కథే నన్ను పట్టుకుంది.

బొలీవియా దేశంలో పోతోసి ప్రాంతంలో, ఎత్తయిన చలి పీఠభూమి మీద కొరోమా అనే చోట ఒక ఐమారా సమాజం ఉంది. వాళ్ళు అయ్యులుగా జీవిస్తారు. అయ్యు అంటే బంధుత్వమూ ఉమ్మడి భూమీ రెండూ కలిపి కట్టిన సమూహం. ఈ అయ్యుల దగ్గర తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న మూటలు ఉన్నాయి. వాటిలో పూర్వీకులు ధరించిన బట్టలుంటాయి. కొన్ని కొన్ని వందల ఏళ్ల నాటివి. మూటలకు సంరక్షకులుంటారు. ఏటా నవంబరు మొదట్లో, చనిపోయినవాళ్ళను తలుచుకునే పండగనాడు, వాటిని బయటికి తీసి పూజిస్తారు. ఆ బట్టలు పూర్వీకుల గుర్తులు కావు, పూర్వీకులే. సమూహానికి సంబంధించిన పెద్ద నిర్ణయాల్లో వాళ్ళ సలహా అడుగుతారు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరికి ఎవరితో సంబంధం అన్నది ఆ మూటల చుట్టూ అల్లుకున్న జ్ఞాపకంలో ఉంటుంది. మన రెవెన్యూ ఆఫీసుల్లో అడంగల్, పహాణీ చేసే పని కొంత అక్కడ బట్ట చేస్తుందనుకోండి.

1988లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ప్రదర్శన గురించి కార్డు అచ్చువేశారు. దాని మీద ఉన్న ఫొటో కొరోమా పండగది. తెలిసినవాళ్ళు ఆ కార్డు చూసి కబురు పంపారు. అప్పటికే మూటలు తేలికైపోతున్న సంగతి ఊరికి తెలుసు, ఎక్కడికి పోతున్నాయో ఆ కార్డుతో తెలిసింది. 1980ల మొదట్లో ఆ పీఠభూమిలో ఘోరమైన కరువు వచ్చింది. అలాంటి రోజుల్లో దళారులు ఊళ్ళోవాళ్ళు కొందరిని లోబరుచుకుని బట్టలు బయటికి తెప్పించుకున్నారు. క్రిస్టినా బుబ్బా జమోరా అనే బొలీవియా సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సమాజంతో కలిసి పోరాటానికి దిగింది. అదే సంవత్సరం అమెరికా కస్టమ్స్ అధికారులు ఒక వర్తకుడి దగ్గరున్న బట్టలను స్వాధీనం చేసుకున్నారు. కొరోమా ప్రతినిధులు అంత దూరం ప్రయాణం చేసి వెళ్ళి, మావి ఇవీ అని గుర్తుపట్టారు.

అసలు చిక్కు ఇక్కడ మొదలైంది. వర్తకుడు నేను డబ్బిచ్చి కొన్నాను అంటాడు. కొరోమా వాళ్ళేమో, అది అమ్మగలిగే వస్తువు కాదు, అమ్మే హక్కు ఎవరికీ లేదు, కనుక మీరు కొనలేదు అంటారు. ఈ వాదన మనకు కొత్తేమీ కాదు. మన ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ఏం చెబుతుంది? ఆదివాసీ తనంతట తాను సంతకం పెట్టినా, డబ్బు పుచ్చుకున్నా, భూమి గిరిజనేతరుడికి బదిలీ కావడం చెల్లదంటుంది. అమ్మకం జరిగిందా అన్న ప్రశ్న కన్నా ముందు, అమ్మకం సాధ్యమా అన్న ప్రశ్న వేస్తుంది. భూమి విషయంలో మనం ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న వాదనను కొరోమా ప్రజలు బట్ట విషయంలో చేశారు.

అయితే కొరోమా నేరుగా అమెరికా ప్రభుత్వాన్ని అడగడానికి వీల్లేదు. సాంస్కృతిక సంపద అక్రమ రవాణా మీద 1970లో వచ్చిన యునెస్కో ఒప్పందం దేశాల మధ్య ఒప్పందం. సమాజాలకు అందులో స్థానం లేదు. బొలీవియా ప్రభుత్వమే అడగాలి. అది అడిగింది. 1989లో అమెరికా కొరోమా పాత బట్టల దిగుమతి మీద అత్యవసర నిషేధం పెట్టింది. 1992లో, కొలంబస్ వచ్చి 500 ఏళ్లయిందని ప్రపంచమంతా హడావిడి చేస్తున్న ఏడాదే, నలభైకి పైగా బట్టలు తిరిగి వచ్చాయి. పోయినవన్నీ రాలేదు.

ఒక పాత బట్ట కోసం ఇంత పోరాటమా అని మీకనిపించవచ్చు. ఆ నేత ఎలా సాగుతుందో తెలిస్తే అలా అనిపించదు.

ఆండీస్ స్త్రీ మగ్గం అంటే కొన్ని కర్రలు, కొన్ని తాళ్ళు. ఒక రకంలో పడుగు ఒక కొస గుంజకు, రెండో కొస ఆమె నడుముకు కట్టి ఉంటుంది. మన ఈశాన్య రాష్ట్రాల స్త్రీల నడుము మగ్గం లాంటిదే. ఆమె వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. అంటే మగ్గంలో ఒక భాగం ఆమె ఒళ్ళే. రెండో రకంలో నేలలో నాలుగు గుంజలు పాతి పడుగు సాగదీస్తారు. గొర్రె, అల్పాకా, లామా ఉన్నిని కదురు మీద వడుకుతారు. నడుస్తూ వడుకుతారు, మేకలూ గొర్రెలూ కాస్తూ వడుకుతారు, సంతకు పోతూ వడుకుతారు. మామూలు దారానికి ఒక వైపు పురి పెడితే, అంచుల్లో కొన్నిచోట్ల ఎడమ పురి దారం వేస్తారు, కీడు సోకకుండా. పేకను గట్టిగా దిగ్గొట్టడానికి లామా ఎముకతో చేసిన మొనదేలిన పనిముట్టు. నమూనా కోసం పడుగు దారాలను వేళ్ళతో ఒక్కొక్కటే ఏరి పైకెత్తాలి. ఆ పనికీ నమూనాకూ కెచువా భాషలో ఒకటే పేరు, పల్యాయ్. పంట ఏరుకోవడానికీ అదే మాట. బట్టలో నమూనా లేని సాదా భాగాన్ని పంపా అంటారు, అంటే మైదానం.

నన్ను ఆపేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఈ బట్టకు నాలుగు వైపులా అంచు ఉంటుంది. మన చీరకు పక్కల రెండు అంచులూ నేతలోనే వస్తాయి, కొసలు మటుకు కత్తిరించాల్సిందే. అక్కడ కొసలు కూడా మగ్గం మీదే మూసుకుంటాయి. చివరి కొద్ది అంగుళాల్లో పడుగు మధ్య చోటు చాలక సూదితో పేక దూర్చి పూర్తి చేస్తారు. గంటలకొద్దీ పట్టే పని. ఎంత కొలత కావాలో ముందే తెలిసి అంతే నేస్తారు. కత్తెర పెట్టరు.

ఈ నేత అంతా తల్లుల నుంచి కూతుళ్ళకు పవిత్రంగా ప్రవహించింది అని రాసే పుస్తకాలు చాలా ఉన్నాయి. నాకు అవి నచ్చవు. ఇంకా రాజ్యం నాడే బట్ట అధికారంలో భాగం. జాన్ ముర్రా 1962లో రాసిన వ్యాసం చదివితే తెలుస్తుంది: రాజ్యం ఉన్ని ఇచ్చి ఇంటింటా వెట్టిగా నేయించుకునేది, ఆ బట్టను సైన్యానికీ సామంతులకూ పంచేది. అత్యంత మేలురకం బట్ట నేయడానికి ఆడపిల్లలను ఎంపిక చేసి కుటుంబాల నుంచి వేరుచేసి ఉంచేవారు. అది స్వర్ణయుగమని నేననలేను. తర్వాత స్పెయిన్ వాళ్ళు వచ్చి, కాళ్ళతో తొక్కే యూరప్ మగ్గాలు పెట్టి, ఉన్ని కార్ఖానాల్లో జనాన్ని అప్పుల కింద బంధించి నేయించారు. తొక్కుడు మగ్గం చాలావరకు మగవాళ్ళ చేతికి వెళ్ళింది. కర్రల మగ్గం ఇంట్లో స్త్రీల దగ్గర మిగిలింది. దాని విలువ వాళ్ళకు తెలియలేదు కాబట్టే మిగిలిందని నా అనుమానం.

విలువ తెలిసిన సందర్భం ఒకటుంది. 1780లో తుపాక్ అమారు నాయకత్వంలో పెద్ద తిరుగుబాటు వచ్చింది. దాని వ్యూహంలో, సరఫరాల్లో కీలకపాత్ర వహించిన అతని భార్య మికేలా బాస్తిదాస్‌ను 1781 మే 18న కుస్కో నడిబొడ్డున భర్తతో పాటు చంపారు. ఆ తీర్పులోనే ఇంకా రాజుల తరహా దుస్తులు ఎవరూ ధరించకూడదని నిషేధం కూడా ఉంది. ఇవాళ ఆండీస్ స్త్రీల సంప్రదాయ దుస్తులని అందరూ ఫొటోలు తీసే కుచ్చుల పావడా, పొయెరా, స్పెయిన్ దుస్తుల నుంచి వచ్చిందే. ఏది మూలం, ఏది కల్తీ అన్న చర్చలో దిగితే మనం ఎక్కడా తేలం.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం. మారిసోల్ దె లా కదేనా అనే పెరూ మానవ శాస్త్రవేత్త కుస్కో దగ్గర చితపంపా అనే ఊళ్ళో పనిచేసి 1990లలో ఒక వ్యాసం రాసింది. స్త్రీలే ఎక్కువ ఇండియన్లు అని దాని పేరు. ఇక్కడ ఇండియన్లంటే మనం కాదు, అక్కడి మూలవాసులకు పెట్టిన పేరు. ఆమె చూపించింది ఏమిటంటే, మగవాళ్ళు పనికి పట్నం పోతారు, ప్యాంటు వేస్తారు, స్పానిష్ నేర్చుకుంటారు, మెల్లగా ఒక మెట్టు ఎక్కుతారు. ఆడవాళ్ళు ఊళ్ళో మిగులుతారు. వాళ్ళ పని పనిగా లెక్కకు రాదు. కెచువా మాట్లాడుతూ, నేసుకున్న బట్ట కట్టుకుంటూ ఉన్నందుకు సొంత ఊళ్ళోనే ఒక మెట్టు కిందివాళ్ళవుతారు. సంస్కృతి ఎవరి ఒంటి మీద ఉందో వాళ్ళే వెనకబడినవాళ్ళు. టూరిస్టు పోస్టరు మీద మళ్ళీ ఆమె ఫొటోయే!

ఆ పోస్టర్లు వేసే రాజ్యమే 1996 నుంచి 2000 వరకు ఫుజిమోరి పాలనలో రెండున్నర లక్షలకు పైగా స్త్రీలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. వాళ్ళలో ఎక్కువమంది పేద గ్రామీణ స్త్రీలు, ఎంతోమంది కెచువా వాళ్ళు. వేలమంది తమ సమ్మతి లేకుండా జరిగిందని చెప్పారు. మన కుటుంబ నియంత్రణ శిబిరాల చరిత్ర తెలిసిన వాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కరలేదు. నేత గురించి చెబుతూ ఇది ఎందుకంటే, బట్టను గౌరవించడం బట్ట కట్టుకున్న మనిషిని గౌరవించడం కాదని చెప్పడానికే.

మరి నేయడం మానేస్తే సరిపోతుందా? చాలామంది మానేశారు. బజారులో మిల్లు దారంతో మిషను మీద చేసిన అగ్వాయో, అంటే బిడ్డనో మూటనో వీపుకు కట్టుకునే బట్ట, చవగ్గా దొరుకుతుంది. దాన్ని కొనుక్కున్న స్త్రీని తప్పుపట్టే హక్కు నాకు లేదు. నెలల తరబడి పట్టే పనిని ఆమె ఎందుకు మోయాలి?

ఎందుకంటే అన్నదానికి అక్కడి స్త్రీలే రకరకాల జవాబులు వెతుక్కున్నారు. పెరూలో చించెరో అనే ఊళ్ళో పుట్టిన నేతకారిణి నిల్దా కల్యన్యావ్‌పా ఇతరులతో కలిసి 1996లో కుస్కోలో సంప్రదాయ నేత కేంద్రం స్థాపించింది. ఊళ్ళ వారీగా నేత సంఘాలు, పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు నేర్చుకోవడం, కొచినీల్ పురుగు ఎరుపు లాంటి సహజమైన రంగులను మళ్ళీ వాడడం, నేసిన మనిషికి డబ్బు ముట్టడం. బొలీవియాలో సుక్రె చుట్టుపక్కల హల్కా స్త్రీలతో 1980ల నుంచి అసూర్ అనే సంస్థ పనిచేసింది. హల్కా నేత చూస్తే మరిచిపోలేం. ఎరుపు నలుపుల్లో, తల ఎటో తోక ఎటో తెలియని అడవి ప్రాణులు, వరసా దిక్కూ లేకుండా బట్టంతా నిండి ఉంటాయి. భూమి అడుగున ఉండే లోకం అది. సంస్థ మొదలైన నాటికి మంచి పాత బట్టలు ఊళ్ళలో దాదాపు లేవు, వర్తకులు కొనుక్కుపోయారు. అప్పుడు సంస్థ వాళ్ళు ఎక్కడెక్కడి సేకరణల్లోనో ఉన్న పాత బట్టల ఫొటోలు తెచ్చి స్త్రీలకు చూపించారు. వాళ్ళు ఆ ఫొటోలు చూసి, తమ నాయనమ్మల నేతను మళ్ళీ వేళ్ళకు తెచ్చుకున్నారు.

ఈ సంగతి చదివినప్పుడు సంతోషించాలో ఏడవాలో నాకు తెలియలేదు. బట్ట పోవడమంటే ఆస్తి పోవడమే కాదు, పాఠ్యపుస్తకం పోవడం.

చట్టాల సంగతి రెండు మాటల్లో. మూలవాసుల హక్కుల మీద 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన, సమ్మతి లేకుండా తీసుకుపోయిన సాంస్కృతిక సంపదకు పరిహారం, తిరిగి ఇవ్వడం గురించి స్పష్టంగా చెప్పింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒప్పందాన్ని బొలీవియా 1991లో, పెరూ 1994లో ఆమోదించాయి. మన దేశం ఆమోదించలేదు. ఈ పత్రాలన్నిటిలో హక్కుదారు సమాజం. మంచిదే. కానీ సమాజం అన్న మాట లోపల, నేసే స్త్రీ మాటకు ఎంత చోటుంది? బేరం ఎవరు ఆడతారు, సంతకం ఎవరు పెడతారు, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంటుంది? మన చేనేత సహకార సంఘాల్లో ఆసు పోసి, కండెలు చుట్టిన స్త్రీలలో ఎందరికి సభ్యత్వం ఉందో అడిగి చూడండి. ఆ జవాబు పట్టుకుని ఆ పత్రాలు మళ్ళీ చదవాలి.

చివరిగా ఒక మాట చెప్పి ఆపుతాను, మధ్యాహ్నం చర్చలో దీన్ని తీసుకుంటే బాగుంటుంది. కొరోమా పండగకు వచ్చిన బయటివాళ్ళ చేతిలో కెమెరా ఉంది. ఏ మూటలో ఏముందో బయటి ప్రపంచానికి ఫొటోలే చెప్పాయి, పోయిన బట్టల ఆచూకీ కూడా ఫొటోయే ఇచ్చింది. మనమూ ఊళ్ళకు వెళతాం, ఫొటోలు తీస్తాం, నమూనాలు అడిగి తెచ్చుకుంటాం, మాటలు రికార్డు చేస్తాం. నా పరిశోధన కాలం నాటి ఫొటోలు నా కంప్యూటర్లో కొన్ని వందలున్నాయి. వాటిలో ఉన్న స్త్రీలు నాకు అన్నం పెట్టారు, పెట్టెల అడుగు నుంచి అమ్మమ్మల చీరలు తీసి చూపించారు. మొన్న ఈ ప్రసంగం రాసుకుంటూ లెక్క చూసుకున్నాను. ఆ ఫొటోల ప్రతులు నేను తిరిగి పంపింది ముగ్గురికి.